అర జిన్నా, యాభై అంగలా? 'దొందూ దొందే'కి చైనీస్‌లో ఏది మేలు

చైనీస్ నేర్చుకుంటున్న తెలుగువాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. మన 'దొందూ దొందే' అనడానికి 'బాన్ జిన్ బా లియాంగ్' వాడాలా, 'వూషి బూ శ్యావ్ బై బూ' వాడాలా? నిఘంటువులో రెండింటికీ ఇంచుమించు ఒకే అర్థం కనిపిస్తుంది, అందుకే ఈ తికమక. నా మొగ్గు మొదటిదానికే. కానీ రెండోది తప్ప ఇంకేదీ పనికిరాని చోటు ఒకటుంది.

మొదటిదాన్ని మాటకు మాట చెబితే 'అర జిన్, ఎనిమిది లియాంగ్‌లు'. ఇవాళ చైనాలో జిన్ అంటే అర కిలో, దానికి పది లియాంగ్‌లు. అలాంటప్పుడు అర జిన్‌కి ఐదు రావాలి కదా, ఎనిమిది ఎక్కడివి? 1959కి ముందు జిన్‌కి పదహారు లియాంగ్‌లు ఉండేవి. లెక్క మారింది, మాట మారలేదు. మనకూ అంతే. 1957లో రూపాయికి వంద పైసలు వచ్చి అణాలు పోయినా, 'పదహారణాల తెలుగమ్మాయి' అనడం మానలేదు. అసలు 'అర్ధరూపాయైనా ఎనిమిదణాలైనా ఒకటే' అని చూడండి, ఈ జాతీయం అచ్చంగా దిగిపోతుంది. హాంకాంగ్ కూరగాయల బజార్లలో పదహారు లెక్క ఇంకా నడుస్తోంది. అక్కడ అర జిన్ ఆకుకూర అంటే నిజంగానే ఎనిమిది లియాంగ్‌లు.

ఈ పదహారు లెక్కతో తూచే పాత చైనా త్రాసు చేతిలోకి తీసుకుంటే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. సన్నటి చెక్క కర్ర, ఒక కొసన పళ్లెం, కర్ర మీద అటూ ఇటూ జరిపే గుండు. కర్ర పొడవునా పొదిగిన చిన్న చిన్న చుక్కల్ని 'నక్షత్రాలు' అంటారు. పదహారు ఎందుకంటే ఒక జానపద కథ చెబుతారు: సప్తర్షి మండలానివి ఏడు, దక్షిణపు చుక్కలు ఆరు, మిగిలిన మూడూ అదృష్టం, సంపద, ఆయుష్షు. ఒక లియాంగ్ తక్కువ తూచిన వ్యాపారికి అదృష్టం పోతుందట, రెండు తగ్గిస్తే సంపద, మూడు తగ్గిస్తే ఆయుష్షు.

మాట కూడా పాతదే. సాంగ్ రాజవంశ కాలపు (10-13 శతాబ్దాలు) చాన్, అంటే జెన్, బౌద్ధ గురువుల బోధల్లో 'ఎనిమిది లియాంగ్‌లంటే అర జిన్నే' అని కనిపిస్తుంది. అక్కడ ఎగతాళి లేదు. 'షుయ్‌హు జువాన్' నవలలోనూ ఇద్దరు యోధుల సత్తా సరిసమానమని చెప్పడానికే వాడారు.

ఇప్పుడు అలా వాడితే మాత్రం ఇబ్బందే. నేను నేర్చుకునే రోజుల్లో మా ఇద్దరు టీచర్లను మెచ్చుకుంటూ, ఇద్దరి పాఠమూ అర జిన్, ఎనిమిది లియాంగ్‌లు అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకావిడ పక్కకు పిలిచి, 'ఇద్దరూ అంతంతమాత్రమే అన్నట్టుంది బాబూ' అని నెమ్మదిగా చెప్పారు. ఆ రోజు పడ్డ బాధ వల్లే ఈ సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను. మాట అర్థం కన్నా దాని రుచి ముఖ్యం. 'మా తాతయ్యా మా మాస్టారూ దొందూ దొందే' అని మనం అనం కదా, ఇదీ అంతే.

ఇక రెండోది, మాటకు మాట చెబితే 'యాభై అంగలవాడు నూరు అంగలవాణ్ని చూసి నవ్వడం'. ఇది ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్ మాట. లియాంగ్ రాజు హుయి (ఈ లియాంగ్ రాజ్యం పేరు, తూకం కాదు) ఆయనతో మొరపెట్టుకున్నాడు: 'ఒకచోట కరువొస్తే జనాన్ని ఇంకోచోటికి తరలిస్తాను, ధాన్యం పంపిస్తాను. పక్క రాజులెవరూ ఇంత చేయరు. అయినా నా జనాభా పెరగదేం?' యుద్ధాలంటే ఇష్టపడే రాజు కాబట్టి మెన్షియస్ యుద్ధంతోనే చెప్పాడు: కవచాలు పారేసి పారిపోయిన సైనికుల్లో ఒకడు నూరు అంగల దగ్గర ఆగాడు, ఇంకొకడు యాభై దగ్గర. యాభై వాడు నూరు వాణ్ని చూసి నవ్వొచ్చా? 'ఎలా నవ్వుతాడు, వాడూ పారిపోయినవాడేగా' అన్నాడు రాజు.

నా దృష్టిలో తేల్చేది ఇదే: నవ్వేవాడు ఉన్నాడా, లేడా? అర జిన్‌లో తూచేది మనం, ఇద్దరూ పళ్లెంలోనే ఉంటారు, బరువు సరిగ్గా సమానం. యాభై అంగల్లో ఆ ఇద్దరిలోనే ఒకడు నోరు తెరుస్తాడు. పైగా తప్పులో తేడా ఉందని ఒప్పుకుంటూనే, జాతి ఒకటే అంటుంది. మన 'గురివింద గింజ తన నలుపెరగదు' దీనికి దగ్గర. ఆ గింజతోనే కంసాలులు బంగారం తూచేవాళ్లు. అయితే గురివిందకు తన మచ్చ తెలియదు, ఆ సైనికుడికి తను పరిగెత్తిన సంగతి తెలుసు.

మెచ్చుకోవాలంటే 'బూ శియాంగ్ షాంగ్ శ్యా', అంటే ఎక్కువ తక్కువలు లేవు అనండి, ఎవరికీ నొప్పి ఉండదు. పోటీ జట్లయితే 'ఛీ గూ శియాంగ్ దాంగ్', జెండాలూ నగారాలూ సమఉజ్జీ.

లెక్కల పరీక్షలో 30 మార్కులొచ్చిన అన్న 25 వచ్చిన తమ్ముణ్ని వెక్కిరిస్తే అది యాభై అంగలు. వంటింట్లోంచి వచ్చి వాళ్లమ్మ ఇద్దరినీ కలిపి తిట్టేది మాత్రం అర జిన్, ఎనిమిది లియాంగ్‌లు.