జి6పిడి పరీక్ష: విజయనగరంలోని ఒక ల్యాబ్‌పై నా అభిప్రాయం

మా మేనల్లుడికి వైవాక్స్ రకం మలేరియా అని తేలడంతో, దానికి వాడే ప్రైమాక్విన్ మందు మొదలుపెట్టే ముందు జి6పిడి పరీక్ష చేయించమని డాక్టరుగారు రాసిచ్చారు. జి6పిడి అంటే ఎర్రరక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్; అది లోపించినవారికి ఈ మందు వల్ల ఎర్రకణాలు విరిగిపోవచ్చు. అందుకోసం విజయనగరంలోని ఒక ల్యాబ్‌కు వెళ్లాము. రక్తం తీసిన టెక్నీషియన్, ఈ మధ్య రక్తం ఎక్కించారా, మూత్రం నల్లగా వచ్చిందా అని ముందే అడిగి రాసుకున్నారు. ఇది చిన్న విషయం కాదు: ఎర్రకణాలు విరిగిపోయిన కొత్తలో రక్తంలో లేత కణాల పాలు పెరుగుతుంది, వాటిలో ఈ ఎంజైమ్ ఎక్కువ కనుక, లోపం ఉన్నవారికి కూడా ఫలితం మామూలుగా కనిపించవచ్చు.

రిపోర్టు మాత్రం నిరాశపరిచింది. ఒక అంకె, దాని పక్కన 'నార్మల్' అన్న మాట తప్ప వివరణ లేదు. నాకు తెలిసినంతలో విషయం ఇదీ: కణం గ్లూకోజును వాడుకుని ఎన్‌ఏడీపీహెచ్ అనే సహాయక అణువును తయారుచేసుకునే దారిలో ఈ ఎంజైమ్‌ది తొలి మెట్టు. ఆ ఎన్‌ఏడీపీహెచ్ గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని పనికొచ్చే స్థితిలో నిలిపి, కణాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడుతుంది. మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగాలు) లేని ఎర్రకణానికి ఇదే ప్రధాన ఆధారం. లోపం ఉన్నవారు బీరువాలోని కలరా ఉండలకు సైతం దూరంగా ఉండాలి, వాటిలోని నాఫ్తలీన్ కూడా ఎర్రకణాలను ఇలాగే దెబ్బతీస్తుంది. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉన్నందున మగపిల్లల్లో లోపం స్పష్టంగా బయటపడుతుంది, ఆడవారిలో మధ్యస్థంగానూ ఉండవచ్చు; 'నాకూ చేయించాలా' అని మా అక్క అడిగితే కౌంటరులో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

రిపోర్టు చెప్పిన వేళకే ఇచ్చారు. నమూనా తీయడానికి ఇక్కడికే వస్తాను, అర్థం అడగడానికి మాత్రం డాక్టరుగారి దగ్గరికే వెళతాను.