హైదరాబాద్ గుండ్లా, గండికోట పొరలా?
హైదరాబాద్ రాతి గుండ్లు, గండికోట లోయలోని రాతి పొరలు, ఈ రెంటిలో వయసులో పెద్దది హైదరాబాద్ గ్రానైటే. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోతుల్లో శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడింది. అందుకే ఖాజాగూడ గుండ్లను దగ్గరగా చూస్తే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం గులాబీ రంగు పలుకులు కంటికి ఆనుతాయి. పైనున్నదంతా కొట్టుకుపోయాక బీటల్లోకి నీరు దిగి, మూలలు అరిగి గుండ్రాళ్లయ్యాయి.

గండికోట రాయి పుట్టుక వేరు. నీటి అడుగున ఇసుక పొరలుగా పేరుకుని, గట్టిపడి క్వార్ట్‌జైట్ అనే రాయి అయింది. తర్వాత పెన్న దాన్ని కోసింది.

పిల్లలకు చూపించాలంటే నా ఓటు గండికోటకే. కానీ ముందు కాపాడుకోవాల్సినవి హైదరాబాద్ గుండ్లు. కంకరకీ వెంచర్లకీ పగలగొట్టేస్తున్నారు, పోయినవి మళ్లీ రావు.

ఈ రెండు రకాలూ ఒకేచోట కావాలంటే తిరుమల ఘాట్ రోడ్డు ఉంది. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్, రెంటికీ మధ్య పదుల కోట్ల ఏళ్ల ఎడం.