చెయ్యి జారినోడికి ఏ తిట్టు సూటవుతుంది? క్లట్జా, బటర్‌ఫింగర్సా, డన్సా?

నిన్న పొద్దున ఇంకో గాజు గ్లాసు పగలగొట్టా, ఈ నెలలో ఇది మూడోది. అమ్మ "చేతులున్నాయా లేవా నీకు" అంటూ చీపురు తెచ్చింది, చెల్లి మాత్రం ఫోన్లోంచి తలెత్తకుండానే "క్లట్జ్" అంది. తిడితే తిట్టింది గానీ అసలది నాకు సరిపోయే తిట్టేనా అని డౌటొచ్చి వెతుకుతూ కూర్చుంటే పూటంతా పోయింది.

క్లట్జ్ అనేది యిడ్డిష్ మాట, అంటే తూర్పు యూరప్ యూదుల భాష, వాళ్ళతో పాటే అమెరికా వెళ్ళి అక్కడ ఇంగ్లీషులో కలిసిపోయింది. అసలు అర్థం చెక్క దిమ్మ, జర్మన్‌లో క్లోట్జ్ అంటే ఇప్పటికీ అదే. చదవగానే నవ్వొచ్చింది, మన "మొద్దు" కూడా అంతే కదా, అడితిలో పడుండేదీ మొద్దే, లెక్కలు రానోడూ మొద్దే. కాకపోతే మనది బుర్రకి తగుల్తుంది, వాళ్ళది కాళ్ళూచేతులకి, అంటే గడప తన్నుకుని పడేవాడు, తలుపు గడియకి చొక్కా చింపుకునేవాడు, ఆ టైపు.

బటర్‌ఫింగర్స్ క్రికెట్ చూసేవాళ్ళందరికీ తెలుసు, లడ్డూలాంటి క్యాచ్ వదిలేసినోడికి పడే మాట. గ్రౌండ్‌లోనే పుట్టిందనుకున్నా ఇన్నాళ్ళూ, కాదంట, 1615లోనే జెర్వేస్ మార్కమ్ అనే ఆయన ఇల్లాళ్ళ కోసం రాసిన పుస్తకంలో వంట చేసే మనిషివి వెన్న వేళ్ళు కాకూడదన్నాడు. 1836కి వచ్చేసరికి డికెన్స్ నవల పిక్‌విక్ పేపర్స్‌లో క్రికెట్ మ్యాచ్ చూస్తున్న ఒకడు బంతి వదిలినోళ్ళని ఇదే మాటతో ఏకుతుంటాడు. నాకిదే నచ్చింది, తప్పు మనిషిది కాదు వెన్నది అన్నట్టు ఉంటుంది, చెయ్యి కడుక్కుంటే పోతుంది.

డన్స్ మాత్రం ఘోరం. జాన్ డన్స్ స్కోటస్ అని స్కాట్లండ్ ఫిలాసఫర్, 1308లో కొలోన్‌లో చనిపోయాడు, ఎంత లోతుగా తర్కించేవాడంటే సూక్ష్మ పండితుడు అని బిరుదిచ్చారు. రెండొందల ఏళ్ళ తర్వాత కొత్త చదువులవాళ్ళకి ఆయన శిష్యుల మొండివాదం విసుగు పుట్టి "డన్స్ మనిషి" అని వెక్కిరించడం మొదలెట్టారు, అదే చివరికి బడిలో మొద్దబ్బాయి పేరైపోయింది. పాపం అంత తెలివైనోడి పేరు! గ్లాసు పగిలితే ఇది వాడకూడదు, ఇది బుర్రని అనేది.

ఇంకో యిడ్డిష్ జంట ఉంది, ష్లెమీల్, ష్లిమాజెల్. మొదటోడు సూప్ ఒలకబోసేవాడు, రెండోవాడి ఒళ్ళో అది పడుతుంది. మన పెళ్ళి బంతిలో సాంబారు బకెట్టుతో తూలేవాడొకడు, కొత్త తెల్లచొక్కా వేసుకుని కరెక్టుగా అక్కడే కూర్చునేవాడొకడు, అంతే. రెండో మాటలో అసలు ఉన్నది దురదృష్టమే, చేతగానితనం కాదు, అందుకే నాకు పనికిరాదు, నా మీద ఎవరూ ఏమీ పోయరు, నేనే పోస్తా.

సో నా లెక్క ఇదీ, ఒక్కసారి జారితే బటర్‌ఫింగర్స్, నెలకి మూడైతే క్లట్జే. చెల్లే కరెక్టు, చెప్పలేదనుకోండి తనకి. అమ్మ ఈ గోలేమీ వినలేదు, నిన్న సాయంత్రం నుంచి నాకు టీ స్టీలు గ్లాసులో వస్తోంది.