ఇంక్‌స్టిచ్‌లో పుల్ కాంపెన్సేషన్: చాలాకాలం వాడాక నా మాట

తిరుపతిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్లకు శంఖు, చక్రం, నామం తప్పని డిజైన్లు. ఏ మెషిన్ ఉన్నా, ఎందులో పంచ్ చేసినా (బొమ్మను కుట్లుగా మార్చినా) గుడ్డ లాగుడు ముందు బయటపడేది వీటిలోనే. నామం నిలువు పట్టీలకు సాటిన్ కుట్టు, అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒత్తుగా పడే కుట్టు, అడ్డంగా పడుతుంది, ప్రతి కుట్టూ రెండంచులనూ లోపలికి లాక్కుంటుంది, స్క్రీన్ మీద నిండుగా ఉన్న పట్టీ బనియన్ గుడ్డ మీదికి వచ్చేసరికి సన్నబడుతుంది. "నామం ఇట్ల చిక్కిపోయిందేందన్నా" అని కస్టమర్ అడిగితే చెప్పడానికేం ఉండదు. చక్రానిది ఇంకో బాధ. అడ్డ కుట్లతో నింపిన గుండ్రటి బిళ్ల పక్కలకు ముడుచుకుని, పైకీ కిందికీ సాగి కోడిగుడ్డులా తయారవుతుంది. అవుట్‌లైన్‌కూ బిళ్లకూ మధ్య ఎడమా కుడీ సందు పడుతుంది, పైనా కిందా మాత్రం కుట్టు గీత దాటేస్తుంది.

దీనికి నేను వాడేది ఇంక్‌స్టిచ్. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్, పైసా ఖర్చు లేదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. సాటిన్ గీతను ఎంచుకుని పారమ్స్ (కుట్టు సెట్టింగులు) తెరిస్తే పుల్ కాంపెన్సేషన్, అంటే గుడ్డ లాగుడుకు సరిపడా కుట్టును ముందే వెడల్పు చేయడం, రెండు రకాలుగా అడుగుతుంది: మిల్లీమీటర్లలో, శాతంలో. కొత్తవాళ్లు శాతం జోలికి పోరు గానీ, దానికో చోటుంది. మామిడి పిందె కొసలాంటి చోట మిల్లీమీటర్లలో పెంచితే కొస మొద్దుబారుతుంది. శాతం వెడల్పును బట్టి పెరుగుతుంది కాబట్టి కొస వాడిగానే ఉంటుంది. అక్షరాల సన్న గీతలకు మాత్రం మిల్లీమీటర్లే.

నాకు బాగా పనికొచ్చింది రెండు వైపులకూ వేర్వేరు అంకెలివ్వడం. ఒకే పెట్టెలో మధ్యన ఖాళీ వదిలి రెండు అంకెలు రాస్తే చాలు. తెలుగు అక్షరాలకు ఇది లేకపోతే కష్టం, ఎందుకంటే మనవన్నీ గుండ్రాలు, చుట్టలు. "గోవిందా" అని చిన్న సైజులో టోపీ మీద వేస్తే రెండు వైపులా సమానంగా పెంచిన గీత లోపలి ఖాళీని మింగేస్తుంది, సున్న చుక్కవుతుంది. బయటి అంచుకు 0.3 ఇచ్చి లోపలి అంచుకు 0 పెడితే ఆ ఖాళీ మిగులుతుంది. ఏది ముందంకె వైపు అన్నది మాత్రం గీత గీసిన దిశను బట్టి మారుతుంది, ప్రతి అక్షరానికీ చూసుకోవాలి, విసుగే.

ఫిల్‌కు, అంటే బిళ్లలాంటి చోటును నింపే కుట్టుకు, ఎక్స్‌పాండ్ అనే ఆప్షన్ ఉంది. సందులు మూస్తుంది గానీ అన్ని వైపులా ఒకేలా పెంచుతుంది కాబట్టి చక్రం పైకీ కిందికీ సాగే సమస్య అలాగే ఉంటుంది. నేను బిళ్లనే అడ్డం కాస్త ఎక్కువగా, నిలువు కాస్త తక్కువగా గీస్తాను, అవుట్‌లైన్ మాత్రం అసలు గుండ్రంగానే ఉంచుతాను. స్క్రీన్ మీద చూస్తే వంకరగా కనిపిస్తుంది, గుడ్డ మీద సరిపోతుంది. సిమ్యులేటర్‌ను నమ్ముకుంటే లాభం లేదు, అది కుట్టు వరస చూపిస్తుంది తప్ప గుడ్డ ఎంత ముడుచుకుంటుందో చూపించదు. ముక్క మీద కుట్టి స్కేలు పెట్టి కొలవాల్సిందే.

అంకెలు అడిగేవాళ్లకు: శ్రీకాళహస్తి కలంకారీ కాటన్‌లాంటి గట్టి గుడ్డకు నాకు 0.2 మిల్లీమీటర్లు సరిపోతుంది, ఫ్యూజింగ్ (లోపల అతికించే గుడ్డ) వేసిన పట్టు బ్లౌజుకూ అంతే, బనియన్ టీషర్టుకు 0.4 దాకా పోతాను. ఇవి నా మెషిన్, నా దారం, నా టెన్షన్‌తో వచ్చినవి. అయినా అంకె పెంచడం చివరి పని. ముందు ఫ్రేమ్‌లో గుడ్డ లాగకుండా బిగువుగా పెట్టాలి, టీషర్టు వెనక చింపే పేపర్ కాకుండా కత్తిరించే బ్యాకింగ్ వేయాలి, సాటిన్ కింద అండర్‌లే, అంటే ముందుగా పడే పునాది కుట్టు, ఉండాలి. సన్న గీతకు మధ్యన ఒక నడక కుట్టు చాలు, వెడల్పు నామానికి అంచుల వెంట కుట్టూ జిగ్‌జాగ్ రెండూ పెడతాను. ఫిల్ కింద అండర్‌లే పైకుట్టుకు అడ్డదిశలో పడాలి. ఇవేవీ లేకుండా 0.6 పెట్టినా గుడ్డ ముడతలు పోవు, అక్షరాలు లావెక్కుతాయి అంతే.

ఇంకో మాట, కొన్న డీఎస్‌టీ ఫైళ్ల (మెషిన్‌కు ఇచ్చే డిజైన్ ఫైళ్ల) గురించి. వాటిలో ఉండేవి కుట్లే, పంచ్ చేసినవాడు ఏ గుడ్డకని సర్దాడో ఆ లెక్క అందులోనే గడ్డకట్టి ఉంటుంది. కాటన్‌కు చేసిన ఫైలును టీషర్టు మీద పడేసి సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకోవద్దు. నేను ఇంక్‌స్కేప్ ఫైలు విడిగా దాచుకుంటాను, గుడ్డ మారితే అంకె మార్చి మళ్లీ డీఎస్‌టీ తీస్తాను.