గెలీలియో వేలు చూద్దామని వెళ్లాం

ఇటలీలో ఫ్లోరెన్స్ వెళ్లిన ప్రతివాళ్లూ ముందు బొమ్మలకి పేరుపడ్డ ఉఫీజీ గ్యాలరీకే పరిగెడతారు. మేమూ అదే చేశాం, మొదటి పూటంతా క్యూలోనే పోయింది. దానికి పక్కనే, ఆర్నో నది గట్టు మీదే గెలీలియో మ్యూజియం ఉంది. క్యూ లేదు, టికెట్టూ ఉఫీజీ కంటే తక్కువే. మంగళవారం మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకే మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.

నిజానికి మా అబ్బాయి గోల పడలేకే వెళ్లాం. "నాన్నా, అక్కడ గెలీలియో వేలుందట!" ఉంది. చిన్న గాజు పాత్రలో, కుడిచేతి నడిమి వేలు. 1737లో ఆయన అస్థికల్ని శాంటా క్రోచే చర్చిలో కొత్త సమాధికి మార్చేటప్పుడు అభిమానులు తీసుకుపోయారు. ఇంకో రెండు వేళ్లు, ఒక పన్ను కూడా పోయాయి. అవి చేతులు మారీ మారీ చివరికి ఎవరివో ఏమిటో రాసి కూడా లేకుండా వేలానికొచ్చాయి, కొన్నవాళ్లకి అనుమానమొచ్చి ఆరా తీయబట్టి 2009లో గెలీలియోవని తేలింది. ఇప్పుడు అవీ ఇక్కడే ఉన్నాయి. చీటీ ఊడిపోతే గెలీలియో వేలు కూడా ఉత్త ఎముక ముక్కే!

నాకైతే వేలుకంటే గెలీలియో టెలిస్కోపుదైన ఒక పగిలిన కటకం (లెన్సు) దగ్గర కాళ్లు ఆగిపోయాయి. 1610లో గురుగ్రహం చుట్టూ చందమామలున్నాయని కనిపెట్టింది దాంతోనే. పగిలింది కదా అని పారేయకుండా 1677లో ఏనుగుదంతంతో చెక్కిన ఫ్రేము చేయించి పెట్టారు. పక్కనే ఆయన టెలిస్కోపులు రెండు, చెక్క గొట్టాలకి ఒకదానికి కాగితం, ఒకదానికి తోలు చుట్టి ఉంటాయి, ఇంతేనా అనిపిస్తుంది చూస్తే.

ఇవి ఇవాళ అక్కడ ఉండడం వెనక ఇంకో కథ ఉంది. 1966 నవంబరు 4న ఆర్నో పొంగి ఊరంతా మునిగింది, ఈ మ్యూజియం కింది భాగాలూ మునిగాయి. అప్పటి డైరెక్టర్ మరియా లూయిసా రిగీని బొనెల్లి గెలీలియో టెలిస్కోపుల్ని చేతుల్లో పట్టుకుని, పై అంతస్తు గోడ అంచు మీదుగా నడిచి, పక్కనున్న ఉఫీజీలోకి చేర్చిందావిడ. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం చూస్తూ, 1908 వరద కబుర్లు వింటూ పెరిగినవాణ్ణి, బయటికొచ్చాక ఆ గోడకేసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు అసలు వస్తువులన్నీ మొదటి, రెండో అంతస్తుల్లోనే ఉన్నాయి. కింద టికెట్లు, పుస్తకాల షాపు, పిల్లలు ముట్టుకుని ఆడుకునే నమూనాలు. మా వాడు ఆ నమూనాల దగ్గరే గంట గడిపాడు.

పై అంతస్తులో పురుడు పోయడం నేర్పడానికి 18వ శతాబ్దంలో చేసిన గర్భం బొమ్మలున్నాయి, మా ఆవిడ అవి చూసి ముఖం తిప్పేసుకుంది. చిన్నపిల్లలుంటే ముందే చెప్పి తీసుకెళ్లండి.

బస సంగతి. స్టేషన్ దగ్గర ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది, ఓనరమ్మ మంచిది, కానీ లిఫ్ట్ లేదు, మూడో అంతస్తుకి రెండు పెద్ద సూట్‌కేసులు మోసేసరికి నా నడుము పోయింది. ఊరి పన్ను విడిగా కట్టాలి, బుకింగ్‌లో చూపించిన రేటులో అది కలవలేదు. ఎయిర్‌పోర్టు నుంచి స్టేషన్ దాకా ట్రామ్ ఉంది, టాక్సీ అక్కర్లేదు.