పంపా, పెన్నా? అంతకంటే ముందు సెన్సర్

టైప్ 1 మధుమేహంతో గర్భానికి సిద్ధమవుతున్న వాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: ఇన్సులిన్ పెన్నుతో సూదులు వేసుకుంటూనే నెట్టుకురావచ్చా, గొట్టం ద్వారా రోజంతా ఇన్సులిన్ అందించే పంపుకు మారాలా? నా మొదటి కాన్పుకు ముందు నేనూ ఇదే మీమాంసలో నెలలు గడిపాను. ఇప్పుడు ఎవరడిగినా ఎదురు ప్రశ్న వేస్తున్నాను: ఒంటికి అతికించుకుంటే రాత్రింబవళ్లు షుగర్ చూపించే సెన్సర్ పెట్టుకున్నారా?

గర్భంలో షుగర్ పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు ఉండాలంటారు. రోజుకు ఎనిమిదిసార్లు వేలు పొడుచుకున్నా తెలిసేది ఆ ఎనిమిది క్షణాల సంగతే. తెల్లవారుజామున రెండింటికి ఏం జరిగిందో గ్లూకోమీటర్ చెప్పదు. పైగా తొలి నెలల్లో షుగర్ పడిపోతున్నా చెమట, వణుకు లాంటి హెచ్చరికలు మొద్దుబారతాయి. 2017లో వెలువడిన కాన్‌సెప్ట్ అధ్యయనంలో సెన్సర్ వాడిన గర్భిణులకు షుగర్ 63–140 మధ్య నిలిచిన సమయం 68 శాతం, వాడనివారికి 61 శాతం. చూడటానికి చిన్న తేడానే, కానీ రోజుకు గంటా నలభై నిమిషాలు! అధిక బరువుతో పుట్టే పిల్లలు, పుట్టగానే షుగర్ పడిపోయే పిల్లలు తగ్గారు. పెన్ను వాడేవారికీ పంపు వాడేవారికీ ఈ మేలు ఒకేలా దక్కింది. నాకు తీర్పు అక్కడే దొరికింది.

పంపు గొప్పదనం కాదనను. ఇన్సులిన్ అవసరం మూడో నెల ప్రాంతంలో కాస్త తగ్గి, తర్వాత పెరుగుతూ నెలలు నిండేసరికి దాదాపు రెట్టింపవుతుంది. పంపులో గంటగంటకూ మోతాదు మార్చుకోవచ్చు. పెన్నుతో వేసే దీర్ఘకాలిక ఇన్సులిన్‌ను మారిస్తే ఫలితం తేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అయితే పంపు గొట్టం మడతపడితే ఒంట్లో నిల్వ ఇన్సులిన్ ఏమీ ఉండదు, కొన్ని గంటల్లోనే రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లు మొదలవుతాయి. గర్భంలో ఆ ప్రమాదం షుగర్ మరీ పెరగకముందే ముంచుకొస్తుంది. అందుకే సెన్సర్ లేని పంపు కంటే సెన్సర్‌తో పెన్నే మేలని నా లెక్క. నేను ఎంచుకున్నదీ అదే. వాంతులతో సతమతమయ్యే వారాల్లో కొత్త యంత్రం నేర్చుకునే ఓపిక నాకు లేదు. మారాలనుకునేవాళ్లు గర్భం రాకముందే మారడం మంచిది.

సెన్సర్ చెప్పినదాన్ని బట్టి తానే మోతాదు సర్దుకునే పంపుల దగ్గర మాత్రం నా పక్షపాతం ఓడిపోతుంది. 2023లో వచ్చిన ఐడాప్ట్ అధ్యయనంలో షుగర్ 63–140 మధ్య నిలిచిన సమయం వాటితో 68 శాతం, మామూలు పద్ధతులకు సెన్సర్ జోడిస్తే 56 శాతం. కానీ ఆ పంపుల్లో కొన్ని 100 కంటే తక్కువ షుగర్ లక్ష్యాన్ని ఒప్పుకోవు. కొనేముందు అది కనుక్కోండి.

త్వరగా పనిచేసేదీ, నిదానంగా పనిచేసేదీ కలిపి వచ్చే మిశ్రమ ఇన్సులిన్ సంగతా? ఆ రెండింటి మోతాదునూ విడివిడిగా మార్చలేరు కాబట్టి ఈ గర్భాలకు పనికిరాదు.

కాన్పులో మాయ బయటపడగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. పంపును అప్పటికప్పుడు తగ్గించవచ్చు. ముందురోజు పెన్నుతో వేసుకున్నది మాత్రం ఒంట్లోనే ఉంటుంది. కాన్పు తర్వాతి మోతాదులను ఎనిమిదో నెలలోనే డాక్టరు చేత రాయించుకుని ఆసుపత్రి సంచిలో పెట్టుకోండి.