నెదర్లాండ్స్ స్టేషన్లలో లగేజీ లాకర్లు: ఏడేళ్ళుగా వాడుతున్న నా అనుభవం

ఐండ్‌హోవెన్‌కి ఉద్యోగం కోసం వచ్చి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో గుంటూరు నుంచి అమ్మానాన్నలు రెండుసార్లు, అత్తయ్య మావయ్యలు ఒకసారి వచ్చారు, జర్మనీలో ఉండే మా పిన్ని కొడుకైతే ఎన్నిసార్లు వచ్చాడో లెక్కలేదు. ఎవరు వచ్చినా హోటల్ ఖాళీ చేసిన రోజు, లేదంటే రాత్రికి ఫ్లైట్ ఉన్న రోజు, పెట్టెలు ఎక్కడ పెట్టి ఊరు చూడాలన్నదే ముందుగా తేలాల్సిన విషయం. అలా స్టేషన్ లాకర్లు కనీసం ముప్ఫై సార్లు వాడి ఉంటాను. వాడొచ్చా అని అడిగితే నిశ్చింతగా వాడండి అంటాను. కానీ లాకర్ దొరకడం కన్నా ఏ స్టేషన్‌లో పెడుతున్నాం అన్నది ముఖ్యం, అది తప్పితే రోజంతా పోతుంది.

ముందు, మనవాళ్ళకి వచ్చే అనుమానం సంగతి. మన సికింద్రాబాద్‌లో, విజయవాడలో క్లోక్‌రూమ్ అంటే అక్కడొక మనిషి ఉంటాడు, పెట్టెకి తాళం ఉందో లేదో చూసి చీటీ రాసి ఇస్తాడు. ఇక్కడ మనిషే ఉండడు. గోడ పొడుగునా ఇనప తలుపులు, మధ్యలో ఒక స్క్రీన్, అంతే. మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ ఆ తలుపుల ముందు నిలబడి "ఒరేయ్, ఎవరికి అప్పజెప్పి పోతున్నాంరా వీటిని?" అంది. ఆ ప్రశ్న సబబైనదే. నేను చెప్పగలిగింది ఒక్కటే, ఇన్నేళ్ళలో నా పెట్టెలోంచి ఒక్క వస్తువు పోలేదు, తలుపు తెరిచి ఉండగా ఎప్పుడూ చూడలేదు. అయినా పాస్‌పోర్టులు, బంగారం, ల్యాప్‌టాప్ మాత్రం మాతోనే ఉంచుకుంటాం, మీరూ అలాగే చేయండి.

వాడటం తేలికే. ఖాళీగా ఉన్న లాకర్‌లో సామాను పెట్టి తలుపు మూసి, స్క్రీన్ దగ్గర కార్డుతో డబ్బు కడితే ఒక టికెట్ వస్తుంది, తిరిగి తెరవాలంటే ఆ టికెటే కావాలి. నోట్లు, నాణేలు తీసుకోదు. ధర స్టేషన్‌ని బట్టి, లాకర్ సైజుని బట్టి మారుతుంది, 24 గంటల లెక్కన కట్టాలి కాబట్టి రెండు గంటలు పెట్టినా అంతే. రైల్వే వాళ్ళ లాకర్లలో గరిష్ఠంగా 72 గంటలు ఉంచవచ్చు. మూడు రోజులు ఎక్కడికో వెళ్ళి వచ్చి తీసుకుందాం అనుకునేవాళ్ళు ఆ గంటలు సరిగ్గా లెక్కపెట్టుకోవాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. మధ్యలో ఒకసారి తలుపు తెరిచారంటే మీరు కట్టిన డబ్బు అక్కడితో సరి, మళ్ళీ మూయాలంటే మళ్ళీ కట్టాలి. నాన్న బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో ఉండిపోయి, మధ్యాహ్నం భోజనం వేళకి గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళి తీసుకుని రెండోసారి డబ్బు కట్టాం. డబ్బు సంగతి అలా ఉంచితే, మాత్ర వేళ దాటిపోయిందన్న టెన్షన్ ఎక్కువైంది. అప్పటి నుంచి తలుపు మూసే ముందు మందులు, గొడుగు, స్వెటర్, ఛార్జర్, నీళ్ళ సీసా అని పైకే చదివి చూసుకుంటాను. ముఖ్యంగా గొడుగు, స్వెటర్, ఎందుకంటే పొద్దున ఎండ కాసినంత మాత్రాన ఇక్కడ సాయంత్రం వాన రాదని ఎవరూ చెప్పలేరు. టికెట్‌నీ, లాకర్ నంబరునీ, ఆ వరసలో దగ్గరగా కనిపించే ఏదైనా బోర్డునీ ఫోటో తీసి ఇంట్లోవాళ్ళందరికీ పంపుతాను. అయినా టికెట్ మాత్రం జాగ్రత్త, ఫోటో ఉంది కదా అని పారేయకండి.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళ అసలు ఇబ్బంది కార్డు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనంతట మనం ఆన్ చేసుకుంటేనే పనిచేస్తాయి, కాంటాక్ట్‌లెస్ కూడా విడిగా ఆన్ చేసుకోవాలి. ఇవన్నీ బ్యాంకు యాప్‌లో ఇంటి దగ్గరే చేసుకుని బయల్దేరాలి, ఇక్కడికొచ్చాక ఓటీపీ కోసం ఇండియా సిమ్ వెతుక్కుంటూ లాకర్ ముందు నిలబడటం నరకం. మావయ్య కార్డు పనిచేయక నేను ఐండ్‌హోవెన్ నుంచి ఫోన్‌లో ధైర్యం చెబుతూ కూర్చున్న రోజు ఒకటుంది, నేను పక్కన ఉంటే నా కార్డుతో అయిపోయేది, వాళ్ళిద్దరే వెళ్ళారు పాపం.

కార్డుకి సంబంధించిందే ఇంకో మాట. 2023 నుంచి దేశమంతా రైలు గేట్ల దగ్గర బ్యాంకు కార్డే ఆనించి లోపలికి వెళ్ళవచ్చు, దిగిన చోట అదే కార్డు మళ్ళీ ఆనించాలి. మనిషికో కార్డు ఉండాలి, ఒక కార్డు మీద ఇద్దరు వెళ్ళలేరు. లోపలికి ఫోన్ ఆనించి బయటికి ప్లాస్టిక్ కార్డు ఆనిస్తే అది రెండు వేరు కార్డుల కిందే లెక్క. కొన్ని స్టేషన్లలో లాకర్లు గేట్ల లోపల ఉంటాయి కాబట్టి పెట్టె పెట్టడానికైనా గేటు దాటక తప్పదు. పెద్దవాళ్ళని ఒక్కళ్ళనే పంపేటప్పుడు ఇది ముందే కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇక ఏ స్టేషన్ అన్న విషయం. మొదటి ఏడాది నాకు తట్టింది, దిగిన చోట పెట్టేయడమే. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాం, అక్కడే పెట్టాం, తర్వాత రోటర్‌డామ్ వెళ్ళి మార్క్‌థాల్ అనే పెద్ద మార్కెట్, క్యూబ్ ఇళ్ళు చూశాం. రోటర్‌డామ్ నుంచి ఐండ్‌హోవెన్‌కి నేరుగా రైలుంది, కానీ పెట్టెలేమో ఆమ్‌స్టర్‌డామ్‌లో. అలసిపోయిన మనుషుల్ని తీసుకుని ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి మళ్ళీ ఐండ్‌హోవెన్‌కి వచ్చాం. ఆ రోజు నేర్చుకున్నది, పెట్టె దిగిన ఊళ్ళో పెట్టకూడదు, చివరికి ఎక్కే ఊళ్ళో పెట్టాలి. ఈ దేశంలో ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఉట్రెక్ట్ అరగంట లోపే, హార్లెమ్ పావుగంట. పెట్టె ఒక ఊళ్ళో ఉంచి పక్క ఊరు చూడటం ఇక్కడ చాలా మామూలు విషయం.

ఉదాహరణకి అమ్మానాన్నల చివరి రోజు. ఫ్లైట్ రాత్రికి, స్కిపోల్ నుంచి. పొద్దున్నే పెట్టెలు దెన్ హాగ్ సెంట్రల్‌లో పెట్టేసి, నడుచుకుంటూ మౌరిట్‌స్‌హౌస్ మ్యూజియంకి వెళ్ళి ముత్యపు చెవిపోగు అమ్మాయి బొమ్మ చూశాం, అది వేసిన వెర్మీర్ ఊరు డెల్ఫ్ట్‌కి ఒకటో నంబరు ట్రామ్‌లో వెళ్ళాం. అక్కడ ఔడె కెర్క్ అనే పాత చర్చిలో ఆయన్ని పాతిపెట్టిన చోటు చూసి, స్టేషన్‌లో తలెత్తి పైకప్పు నిండా ఉన్న డెల్ఫ్ట్ పాత పటం చూసి, రైల్లో దెన్ హాగ్ వచ్చి పెట్టెలు తీసుకున్నాం. అక్కడి నుంచి స్కిపోల్ అరగంట. రోజంతా చేతులు ఖాళీ, మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ఒక్క మెట్టు దగ్గర కూడా పెట్టె కోసం ఆగలేదు.

మధ్యలో ఎక్కడికైనా వెళ్ళేవాళ్ళకి ఉట్రెక్ట్ అంతకన్నా మంచిది, ఎందుకంటే దేశంలోని చాలా రైలు మార్గాలు అక్కడ కలుస్తాయి. ఆ ఊళ్ళోని డోమ్ టవర్ 112 మీటర్లు, 465 మెట్లు, బ్యాగు వీపున వేసుకుని ఎక్కే మాట మర్చిపోండి. ట్యూలిప్‌ల కాలంలో క్యూకెన్‌హోఫ్ పూలతోటకి వెళ్ళేవాళ్ళు లైడెన్‌లో గానీ స్కిపోల్‌లో గానీ పెట్టుకోవచ్చు, బస్సులు రెండు చోట్ల నుంచీ ఉన్నాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకర్ అవసరం మిగతా ఊళ్ళకన్నా ఎక్కువ. కాలువల పక్క వీధులన్నీ ఇటుకల పరుపు, నాలుగు చక్రాల పెట్టె కూడా వాటి మీద మొరాయిస్తుంది. పాత ఇళ్ళని మార్చిన హోటళ్ళలో మెట్లు నిచ్చెనలా ఉంటాయి. మ్యూజియంలో పెట్టుకుందాంలే అనుకుంటే కుదరదు, ఆన్ ఫ్రాంక్ ఇంట్లోకి పెద్ద బ్యాగులు రానివ్వరు, పెట్టుకునే చోటు కూడా లేదు. ఆ ఇంటి టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ఆరు వారాల ముందు మంగళవారం నాడు వదులుతారు. అంత కష్టపడి తీసుకున్న టికెట్‌ని పెట్టె కారణంగా పోగొట్టుకోకండి. సెలవుల్లో లాకర్లు పది గంటలకే నిండుతాయి, ఏప్రిల్ 27 రాజుగారి రోజునైతే ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకర్ మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

చిన్న స్టేషన్లలో లాకర్లు ఉండవు. గాలిమరలు చూడటానికి దిగే జాండైక్ జాన్సే స్కాన్స్ అలాంటిదే, కాబట్టి ముందే పెద్ద స్టేషన్‌లో పెట్టి వెళ్ళాలి. లాకర్లు దొరక్క ఒకసారి ఫోన్ యాప్‌లో చూసి ఒక చిన్న కొట్లో పెట్టాం. ఏడింటికి వస్తామని చెప్పాం, వచ్చేసరికి షట్టర్ దించి ఉంది. ఫోన్ చేస్తే ఓనరు వచ్చి తీశాడు గానీ ఆ నలభై నిమిషాలు మా పిన్ని కొడుకు రైలు టైము చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. కొట్టు మూసే టైము ఓనరుతో మాట్లాడి తెలుసుకోనిదే అలాంటి చోట ఇక పెట్టను.

సైజు గురించి కూడా చెప్పాలి. మనం తెచ్చే 23 కిలోల పెట్టె చిన్న లాకర్‌లో పట్టదు. పెద్దదాంట్లో ఒక పెద్ద పెట్టె, దాని మీద ఒక క్యాబిన్ బ్యాగు మాకు పట్టాయి, నిలబెట్టి కాదు, పడుకోబెట్టి తోయాలి. నలుగురు మనుషులు, నాలుగు పెద్ద పెట్టెలు అంటే రెండు మూడు లాకర్ల ఖర్చు వేసుకోండి, అప్పుడు ఒక పూట హోటల్‌ వాళ్ళనే ఉంచమని అడగడం మేలు, చాలామంది ఒప్పుకుంటారు. కానీ మళ్ళీ ఆ హోటల్‌కి తిరిగి వెళ్ళాలి, అది స్టేషన్‌కి దూరమైతే ఉపయోగం లేదు.

నాకున్న ఒకే ఒక్క కోరిక, లాకర్ల ముందు ఒక బెంచీ వేయాలి. నేను వాడిన చోట్ల చాలావరకు లేదు. పెట్టెలోంచి సామాను తీసుకోవాలంటే నేల మీద పరిచి తీసుకోవాల్సిందే, అరవై ఐదేళ్ళ నాన్న అక్కడ నేల మీద కూర్చుని మాత్రల డబ్బా వెతుక్కుంటుంటే పక్కనుంచి జనం పెట్టెలు లాక్కుంటూ పోతున్నారు. ఈసారి మే నెలలో మళ్ళీ వస్తున్నారు, మాత్రల డబ్బా అమ్మ చేతి సంచిలో పెట్టమని ఇప్పటికే ఫోన్‌లో చెప్పాను.